2018 బీఎస్4 పికప్ 78 వేల కిలోమీటర్లతోనా, 2021 బీఎస్6 పికప్ లక్షా 62 వేలతోనా? (బెంగళూరు)

మారతహళ్లి_సప్లై:

అందరికీ నమస్తే. యశ్వంతపుర యార్డులో ఉల్లి, ఆలూ, బియ్యం, కలాసిపాళ్యలో కూరగాయలు ఎత్తుకుని మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు ఆంధ్రా మెస్సులకీ పీజీలకీ వేయాలి. దానికోసం సెకండ్ హ్యాండ్ డీజిల్ పికప్ చూస్తున్నాను. తెల్లారి 4 గంటలకు లోడు, 10 లోపు దించేయడం. రోజుకు 70 కిలోమీటర్లు దాటదు. మామూలుగా టన్ను లోడు, పండగలప్పుడు టన్నుంపావు. నెలకు రెండుసార్లు టమాటా కోసం మదనపల్లెకో కోలారుకో పోవాలి. కాగితాల ఖర్చుతో సహా చేతిలో ఉన్నది 6 లక్షలు.

రెండు బండ్లు తేలాయి, రెండూ బొలెరో పికప్‌లే.

ఒకటి 2018 బీఎస్4 (బీఎస్ అంటే పొగ కాలుష్య ప్రమాణం, 4 పాతది, 6 కొత్తది), కేఏ-53, రెండో ఓనరు. మీటరు మీద 78,000. వాటర్ క్యాన్ల వ్యాపారంలో తిరిగిందట, ఒకే ఏరియాలో. 4.9 లక్షలు అడుగుతున్నారు.

రెండోది 2021 మార్చి బీఎస్6, ఏపీ-39, మొదటి ఓనరు. మీటరు మీద 1,62,000. మొదటి నుంచీ వారానికి మూడు ట్రిప్పులు చిత్తూరు-బెంగళూరు, అంతా హైవే అంటున్నారు. 5.6 లక్షలు.

ఇంట్లోవాళ్లు తక్కువ కిలోమీటర్ల బండి తీసుకోమంటున్నారు, ఫైనాన్స్ వాళ్లు తక్కువ వయసు బండి అంటున్నారు. దేన్ని బట్టి తేల్చాలి?

స్పానర్_14:

మీటరు చూసి ఇంజిన్ని అంచనా వేయకండి, గంటలు లెక్క కట్టండి. బెంగళూరు లోపల డెలివరీ బండి సగటు వేగం 15, 16 కిలోమీటర్లకు మించదు. 78,000 ని 16 తో భాగిస్తే దాదాపు 4,900 గంటలు. హైవే మీద సగటు 45 వేసుకున్నా 1,62,000 కి 3,600 గంటలే. అంటే "తక్కువ తిరిగిన" బండి ఇంజినే ఎక్కువసేపు నడిచింది. పైగా వాటర్ క్యాన్ల బండి ప్రతి గేటు దగ్గరా ఆగాలి. క్లచ్ ప్లేటు, స్టార్టర్ మోటరు, వెనక బ్రేకు లైనింగులు, రెండో గేరు సింక్రో రింగు: ఈ నాలుగూ కిలోమీటర్లతో కాదు, ఆగినన్నిసార్లు అరుగుతాయి.

వయసు ఇంకో రకంగా తింటుంది. ఏడేళ్లు దాటాక రేడియేటర్ హోసులు, బ్రేకు హోసులు, వీల్ సిలిండర్ల రబ్బరు కప్పులు, ఇంజిన్ మౌంటింగులు, కమాన్ (స్ప్రింగు పట్టీల కట్ట) బుష్‌లు గట్టిపడి పగులుతాయి. బండి కదలకపోయినా ఇది ఆగదు. అయితే ఇవన్నీ కొనగానే ఒకేసారి మార్చేసుకోగలిగిన సామాను, జేసీ రోడ్డులో దొరకనిది ఏదీ లేదు. గంటలు, ఓవర్‌లోడు కలిసి చేసిన నష్టం అలా కాదు: ఇంజెక్టర్లు, టర్బో, బోరు, క్రౌన్ పినియన్, ఛాసిస్. నేనైతే వయసుకు డబ్బు కేటాయించి, గంటలు, ఓవర్‌లోడు చేసిన నష్టం ఉందేమోనని బండిని వెతికి వెతికి చూస్తాను.

ఇక రెండో బండి లెక్క కుదరడం లేదు. చిత్తూరు రానూపోనూ 350 కిలోమీటర్లు వేసుకోండి. వారానికి మూడు ట్రిప్పులంటే ఏడాదికి 156, అంటే 54,600 కిలోమీటర్లు. నాలుగేళ్లకే 2,18,000 దాటాలి. మీటరు 1,62,000 అంటోంది. ట్రిప్పులైనా తక్కువ ఉండాలి, లేదా మీటరు వెనక్కి పోయి ఉండాలి. ఓనరునే ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తీసి ఇమ్మనండి, తన ఖాతాలోంచి ఐదు నిమిషాల్లో వస్తుంది. ఏ టోల్ గేటు ఏ తారీఖున దాటిందో అందులో ఉంటుంది. దానితో పాటు ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీ సర్వీస్ సెంటర్లో పాత జాబ్ కార్డుల మీది కిలోమీటర్లు అడగండి. ఒక కార్డు మీద ఎక్కువ, దాని తర్వాతి కార్డు మీద తక్కువ ఉంటే ఆ బండితో మాటలు అక్కడితో ఆపేయండి.

చూడటానికి పొద్దున్నే వెళ్లండి, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు. బానెట్ ముట్టుకుంటే వేడిగా తగిలితే మీరు రాకముందే స్టార్ట్ చేశారని అర్థం, ఇంకోరోజు రండి. స్టార్ట్ చేయక ముందే రేడియేటర్ మూత తీసి చూడండి. నీళ్ల మీద నూనె తెట్టె, తుప్పు రంగు ఉండకూడదు. మూత తీసి ఉంచే స్టార్ట్ చేయించి, ఆగకుండా బుడగలు వస్తున్నాయేమో చూడండి. వస్తే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే. ఇంజిను వేడెక్కాక ఆ మూత ముట్టుకోవద్దు, ముఖం కాలుతుంది.

పొగ సంగతి: చల్లటి ఇంజిన్లో కాసేపు తెల్లగా వచ్చి పోతే పరవాలేదు. వేడెక్కాక కూడా తెల్లపొగ, పచ్చి డీజిల్ వాసన వస్తుంటే ఇంజెక్టరో కంప్రెషనో తేడా. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. రేస్ ఇస్తే దట్టంగా నలుపు వస్తుంటే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది. ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి తిరగేసి ఆ రంధ్రం మీదే వదిలేయండి. కొద్దిగా వణికితే సరే. ఎగిరి పడుతుంటే పిస్టన్ రింగులు అరిగి గ్యాసు కిందికి దిగుతోందని అర్థం.

కామన్ రైల్ బండికి, అంటే ఒకే గొట్టంలోంచి ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందే బండికి, నేను వదలని పరీక్ష రిటర్న్ డీజిల్ (ఇంజెక్టర్లు వెనక్కి వదిలే డీజిల్) పరీక్ష. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులూ తీసి నాలుగు చిన్న ప్లాస్టిక్ సీసాల్లోకి పెట్టి, ఐడిల్‌లో 3 నిమిషాలు నడపాలి. నాలుగింట్లో ఇంచుమించు సమానంగా రావాలి. ఒకదాంట్లో రెట్టింపు వస్తే ఆ ఇంజెక్టరు లోపల అరిగింది. నాలుగూ ఎక్కువ వస్తే బేరం మొత్తం మారిపోతుంది. అరగంట పని, ఓనరు ఒప్పుకోకపోతే కారణం అడగండి.

ఇప్పుడు ఓవర్‌లోడు. వెనక నిలబడి కమాన్లు చూడండి. ఖాళీ బండికి పట్టీలు పైకి వంపు తిరిగి ఉండాలి. తిన్నగా పడుకుంటే అలసిపోయినట్టు. పట్టీలు లెక్కపెట్టండి, రెండు పక్కలా సమానంగా ఉండాలి. కంపెనీది కాని అదనపు పట్టీ వేసి ఉంటే ఆ బండి ఏం మోసిందో అదే చెబుతుంది. వెనక టైర్లు రెండూ లోపలి అంచున అరిగి ఉంటే యాక్సిల్ హౌసింగ్ వంగిందేమో అనుమానించాలి, అలైన్‌మెంట్ అంటే నమ్మొద్దు. కమాన్ బ్రాకెట్లు ఛాసిస్‌కి తగిలే చోట, క్యాబిన్ వెనక ఛాసిస్ పట్టీ పైభాగంలో టార్చి వేసి వెల్డింగు, సన్నటి పగుళ్లు వెతకండి. కొత్తగా నల్ల పెయింట్ కొట్టిన ఛాసిస్ అయితే ఇంకా ఎక్కువసేపు చూడండి. టేపు తీసుకుని ముందు హబ్ మధ్య నుంచి వెనక హబ్ మధ్య దాకా రెండు పక్కలా కొలవండి, చక్రాలు తిన్నగా ఉంచి. సెంటీమీటరు తేడా వచ్చిందంటే దెబ్బ తిన్న బండి.

ఖాళీ బండిని వే బ్రిడ్జి మీదికి కూడా ఎక్కించండి. ఆర్సీలో రాసిన ఖాళీ బరువుకీ దీనికీ చాలా తేడా ఉంటే బాడీ పెంచారు, లేదా కింద ఇనుము కలిపారు. ఆ బరువంతా మీ లోడులోంచే పోతుంది.

రెండో_గేరు:

స్పానర్ అన్న చెప్పిన గంటల లెక్కకు నేనూ ఒప్పుకుంటా. కాకపోతే మీ పనికి బీఎస్6 సరిపడుతుందా అనేది అసలు అడగాల్సిన మాట.

బీఎస్6 డీజిల్ బండికి సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ ఉంటుంది. మసిని పట్టి ఉంచుతుంది, నిండినప్పుడు దాన్ని తనే కాల్చుకోవాలి. కాల్చుకోవాలంటే లోపల 600 డిగ్రీల దాకా వేడి కావాలి, ఆ వేడి నిలబడాలంటే బండి 15, 20 నిమిషాలు ఆగకుండా పోవాలి. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో నిలబడి, మారతహళ్లి బ్రిడ్జి కింద నిలబడి, ప్రతి మెస్ ముందు ఇంజిన్ ఆపితే అది మధ్యలోనే ఆగిపోతుంది. మళ్లీ మొదలు, మళ్లీ ఆగడం. ప్రతిసారీ మసి కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్లో కొంత సిలిండరు గోడల మీదుగా ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ తగ్గడానికి బదులు పై గీత దాటి ఉంటుంది, పలచగా, డీజిల్ వాసనతో. ఆ ఆయిల్‌తో నడిపితే ముందు దెబ్బ తినేది టర్బో, బేరింగులు.

నెలకు రెండుసార్లు మదనపల్లె అంటున్నారు. అది కొంత సాయపడుతుంది కానీ సరిపోదు. వారానికి ఒకసారైనా హోస్కోటే దాటి అరగంట హైవే మీద 60 లో తోలగలిగితే బీఎస్6 బేషుగ్గా ఉంటుంది. డీపీఎఫ్ లైటు వెలిగినప్పుడు బండి ఆపడం కాదు, హైవే ఎక్కాలి. డ్రైవరు వేరే మనిషైతే ఈ మాట అతనికి గట్టిగా చెప్పాలి.

బీఎస్6 బండి చూసేటప్పుడు సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెట్టి రాయండి. డీపీఎఫ్ సరిగ్గా పనిచేసే బండికి గొట్టం దాదాపు శుభ్రంగా ఉంటుంది. వేలికి నల్లటి మసి అంటితే లోపలి జల్లెడ పగిలిందో, కోసి తీసేశారో. తాళం తిప్పగానే ఇంజిన్ లైటు వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే మీటర్లో ఎవరో చెయ్యి పెట్టారు. స్కానర్ పెట్టి కోడ్లు లేవు అంటే సరిపోదు, "కోడ్లు తుడిచాక తిరిగిన దూరం" చూడండి. అది 100, 200 కిలోమీటర్లే ఉంటే అమ్మడానికి ముందు తుడిచారు. నీలం మూత ఉన్న చిన్న ట్యాంకు ఉంటే అది యూరియా ద్రావణానికి, అందులో నీళ్లు పోసి ఉంటే ఆ సిస్టమ్ ఖర్చు కూడా మీదే.

బీఎస్4 లో ఈ తలనొప్పి లేదు. ఇప్పుడు బంకులో దొరికే డీజిల్ బీఎస్6 డీజిలే, గంధకం 10 పీపీఎం. బీఎస్4 డీజిల్లో 50 పీపీఎం దాకా ఉండేది. పాత బండికి దీనివల్ల నష్టం లేదు. 10 ఏళ్లు దాటిన డీజిల్ బండి నడపకూడదని ఎవరైనా భయపెడితే, అది ఢిల్లీ ఎన్‌సీఆర్ సంగతి, బెంగళూరుది కాదు.

ఆర్సీ_ఎఫ్‌సీ:

బండి సంగతి పెద్దలు చెప్పారు, నేను కాగితాల వరకు చెబుతాను. 6 లక్షల్లో కాగితాలూ ఉన్నాయన్నారు కాబట్టి ఇది ముఖ్యం.

ఏపీ బండిని ఇక్కడ నడపాలంటే చిత్తూరు వైపు ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే కర్ణాటక నంబరు వేయించుకోవాలి, దానికి ఫారం 27. అక్కడ కట్టిన పన్ను ఇక్కడ చెల్లదు, కర్ణాటక పన్ను వేరే కట్టాలి. ఎంతవుతుందో బేరానికి ముందే ఆర్టీఓలో కనుక్కుని ధరలోంచి తీసేయండి. 5.6 లక్షల బండి మీ బడ్జెట్ దాటేది ఇక్కడే. ఇంకో మాట, 2019 లో రాష్ట్రమంతటికీ ఏపీ-39 ఒకటే సిరీస్ చేశారు, ప్లేటు చూసి ఏ జిల్లా బండో చెప్పలేం. ఆర్సీలో ఏ ఆర్టీఓ ఉందో చూసుకోండి, ఎన్‌ఓసీ అక్కడి నుంచే.

కేఏ-53 బండి పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 చాలు. ఏ బండి మీదైనా ఫైనాన్స్ ఉంటే ఫారం 35 మీద బ్యాంకు ముద్ర, దానితో పాటు బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ. "లోను తీరిపోయింది" అన్న మాట కాదు, ఆర్సీలో హైపోథికేషన్ (లోను తాకట్టు) పోయిందా అని పరివాహన్ వెబ్‌సైట్‌లో చూడండి. పెండింగు చలాన్లు కూడా అక్కడే.

వయసు కాగితాల్లో కనిపించేది ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ దగ్గర. 8 ఏళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. 2018 బండికి 2026 లో ఆ గీత దాటుతుంది, 2021 దానికి 2029 లో. ఏటా ఎఫ్‌సీ అంటే ఫీజు మాత్రమే కాదు, రిఫ్లెక్టర్ టేపు, లైట్లు, బ్రేకులు, బాడీ టింకరింగ్, ఒకటి రెండు రోజుల పని పోవడం. కర్ణాటకలో 7 ఏళ్లు దాటిన ట్రాన్స్‌పోర్ట్ బండికి గ్రీన్ ట్యాక్స్ కూడా ఉంది. కొనేముందు ఎఫ్‌సీ ఇంకా ఎన్ని నెలలుందో చూడండి. నెలలో అయిపోయేదైతే అమ్మేవారినే చేయించి ఇమ్మనండి, దాంతో బండి లోపాలు వాళ్ల ఖర్చుతోనే బయటపడతాయి.

ఆర్సీలో మొత్తం బరువు, అంటే జీవీడబ్ల్యూ చూడండి. 3,000 కిలోల లోపు ఉంటే గూడ్స్ పర్మిట్ అక్కర్లేదు. దాటితే కావాలి. మీరు మదనపల్లె పోతారు కాబట్టి రాష్ట్రం దాటే పర్మిట్ కూడా చూసుకోవాలి. లైసెన్సు విషయంలో కంగారు లేదు, 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండికి మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనం) లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ప్రీమియానికి బండి వయసుతో పని లేదు. 2022 జూన్‌లో వచ్చిన రేటు ప్రకారం 7,500 కిలోల లోపు గూడ్స్ బండికి 16,049 రూపాయలు, పన్ను అదనం. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. పాలసీ పేరు మార్పుకు 14 రోజులే.

మారతహళ్లి_సప్లై:

అందరికీ చాలా థ్యాంక్స్. మెకానిక్‌ని వెంటబెట్టుకుని రెండూ చూశాను. వివరాలు ఇవి.

ఏపీ బండి: ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ ఆరు నెలలది ఇచ్చారు, 71 సార్లు బెంగళూరు వచ్చి పోయింది. స్కానర్లో కోడ్లు లేవు, తుడిచాక తిరిగిన దూరం 140. గొట్టంలో వేలు పెడితే నల్లగా మసి. ఆయిల్ పై గీతకు వేలెడు పైన ఉంది. కమాన్లు మాత్రం బాగున్నాయి.

2018 బండి: మూత ఎగరలేదు, రేడియేటర్ శుభ్రం. రిటర్న్ డీజిల్ మూడు సీసాల్లో సమానం, మూడో సిలిండరుది రెట్టింపు పైనే. నాలుగో గేరులో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్ శబ్దం పెరుగుతోంది కానీ స్పీడు పెరగడం లేదు. వెనక కుడి పక్క ఒక పట్టీ ఎక్కువ. టైర్ల మీద తారీఖు 2319 అని ఉంది. వెల్డింగులు లేవు, రెండు పక్కలా కొలత ఒకటే. సర్వీస్ కార్డులు 61,000 దాకా వరసగా ఉన్నాయి.

స్పానర్_14:

ఏపీ బండి వదిలేయండి. ఆరు నెలలకు 71 ట్రిప్పులంటే ఓనరు చెప్పింది దాదాపు నిజమే, అబద్ధం చెప్పింది మీటరు. పైగా మసి గొట్టం, పెరిగిన ఆయిల్, కొత్తగా తుడిచిన కోడ్లు, మూడూ ఒకే జబ్బువైపు చూపిస్తున్నాయి. తక్కువ వయసు చూసి తీసుకుంటే డీపీఎఫ్, టర్బో రెండూ మీ నెత్తిన పడతాయి.

2018 బండి తీసుకోవచ్చు, కానీ 4.9 కి కాదు. నాలుగో గేరులో శబ్దం పెరిగి వేగం పెరగకపోవడం క్లచ్ జారడం. ప్లేటు ఒక్కటే వేయించకండి. ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కలిపి సెట్టుగా మార్చాలి, గేర్‌బాక్సు దించాక ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, పగుళ్లు ఉంటే లేత్‌లో సాఫు చేయించాలి. క్రాంక్ వెనక ఆయిల్ సీలు కూడా అప్పుడే, మళ్లీ దించాలంటే ఆ కూలీ అంతా దండగ.

2319 అంటే 2019 లో 23 వ వారం తయారైన టైరు. గుండీలు (టైరు గాళ్ల లోతు) ఎంతున్నా టన్ను లోడుతో ఎండలో హైవే మీద పక్కగోడ పేలొచ్చు. ఐదూ మార్చే లెక్క వేసుకోండి. మదనపల్లె పోయేలోపు ముందు చక్రాల టైర్లు రెండైనా తప్పకుండా. బండి 2018 ది, టైర్లు 2019 వి కాబట్టి మీటరు మీద కూడా ఒక ప్రశ్న మిగులుతుంది: ఏడాది, ఏడాదిన్నరకే మొదటి సెట్టు ఎందుకు మార్చారు? కార్డుల్లో మొదటి ఏడాది కిలోమీటర్లు చూడండి. అక్కడ 30 వేల పైన ఉంటే సరిపోయింది, మొదట్లో ఎక్కువ తిరిగి తర్వాత క్యాన్ల పనిలో పడింది. 10 వేలే ఉంటే ఓవర్‌లోడు టైర్లను తినేసింది.

ఒక పక్క ఒక పట్టీ ఎక్కువ అంటే ఆ పక్క ఎప్పుడో పట్టీ విరిగి ఉంటుంది, ఒకవైపే బాగుచేశారు. రెండు వైపులా కమాన్ కట్టలు దింపి, కంపెనీ లెక్క ప్రకారం పట్టీలు, కొత్త సెంటర్ బోల్టులు, యూ బోల్టులు, బుష్‌లు వేయించండి. పాత యూ బోల్టు మళ్లీ బిగించకూడదు, ఒకసారి సాగింది పట్టు నిలవదు. వంద కిలోమీటర్లు తిరిగాక లోడుతో మళ్లీ బిగించాలి.

రెండో_గేరు:

ఇంజెక్టరు ఒక్కటి మారిస్తే చాలా అని అడుగుతారు, ముందే చెప్తా. 78 వేలకు ఒకటి పోతే మిగతావి కూడా బెంచి మీద పరీక్ష చేయించండి, ఒకసారి విప్పుతున్నారు కదా. మంచిగా ఉన్నవి మళ్లీ వేయొచ్చు. ప్రతి ఇంజెక్టరు కింద రాగి వాషరు మాత్రం కొత్తదే, పాతది తిరగేసి వేస్తే గ్యాసు లీకై చుట్టూ తారులా నల్లగా గడ్డ కడుతుంది. కూర్చునే చోటు శుభ్రం చేయకుండా వాషరు వేసినా అదే గతి. కొత్త ఇంజెక్టరు మీద కోడ్ చెక్కి ఉంటే దాన్ని స్కానర్‌తో ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటరులో) ఎక్కించాలి, లేకపోతే ఐడిల్ కొట్టుకుంటుంది, పొగ వస్తుంది. విప్పిన పైపులకు, రంధ్రాలకు అప్పటికప్పుడు శుభ్రమైన మూతలు పెట్టమనండి. ధూళి రవ్వ ఒకటి కామన్ రైల్ గొట్టంలోకి పోతే కొత్త ఇంజెక్టరూ పోతుంది. పని అయ్యాక డీజిల్ ఫిల్టరు కూడా మార్చి గాలి తీయించండి.

క్లచ్, ఐదు టైర్లు, కమాన్లు, ఇంజెక్టర్ల పని, హోసులు, అన్ని ఆయిళ్లు: ఒక్కోదానికీ జేసీ రోడ్డులో కొటేషను రాయించుకుని ఆ కాగితం అమ్మేవారి ముందు పెట్టండి అన్నా. ఎఫ్‌సీ ఎన్ని నెలలుందో అది కూడా అదే కాగితం మీద రాసుకోండి.